పిలుపు ఒకటే... పలికే తీరే వేరు!

పిలవడంలో ఎన్ని రకాలో! గల్లీ చివర ఉండే ఎలక్ట్రీషియన్‌ని పిలవడం వేరు. వంటింట్లో ఉన్న అమ్మని పిలవడం వేరు. ఎలక్ట్రీషియన్ కావాలంటే ముందు ఆయన ఎక్కడున్నాడో కనుక్కోవాలి. దుకాణంలో లేకపోతే చాయ్ హోటల్లో, అక్కడా లేకపోతే వాళ్లింట్లో. దొరికాక వచ్చి పని చేసి వెళ్తాడు. అమ్మనైతే వెతకక్కర్లేదు. ఎక్కడుందో పిలవకముందే తెలుసు.

ఈ చిన్న తేడా మీద ప్రపంచంలో ఎన్నో కంపెనీల బిల్లులూ, జీతాలూ, గోడౌన్ లెక్కలూ ఆధారపడి ఉన్నాయంటే నమ్ముతారా? మా అక్క చెప్పేదాకా నేనూ నమ్మలేదు. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. వాళ్లుండేది కంచన్‌బాగ్‌లో. పాతికేళ్లకు పైగా ఆమె చేస్తున్న పని ఒక్కటే... ఆర్పీజీ ప్రోగ్రామింగ్.

ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు పెదనాన్న ఉలిక్కిపడ్డాడట. పడరా మరి! కంచన్‌బాగ్ అంటేనే క్షిపణుల అడ్డా. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని, భారత్ డైనమిక్స్... అన్నీ అక్కడే. 1982లో అబ్దుల్ కలాం డైరెక్టరుగా వచ్చిన ప్రయోగశాల అక్కడిదే. పెదనాన్న కూడా ఆ చుట్టుపక్కలే ఒక లోహాల కర్మాగారంలో వెల్డింగు పని చేసేవాడు. అలాంటి పేటలో ఆడపిల్ల వచ్చి 'ఆర్పీజీ నేర్చుకుంటా' అంటే ఏమనుకుంటారు?

''భుజం మీద పెట్టుకుని పేల్చేది కదా... నీకెందుకమ్మా అది?'' అన్నాడట.

''పేలేది కాదు బాపూ, బిల్లులు రాసేది'' అందట అక్క.

అది 1998. ఆ నవంబరులోనే అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా మెయిన్‌ఫ్రేమ్స్, కోబాల్, ఏఎస్ 400 అంటూ ప్రకటనలే. దానికి కారణం వైటూకే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకున్నారు. 98, 99 తర్వాత 00 వస్తే అది 1900 అనుకుంటుందా, 2000 అనుకుంటుందా? ఆ సందేహం తీర్చడానికి లక్షల ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా తెరిచి చూడాల్సి వచ్చింది. చూసేవాళ్లు కావాలి. అమెరికా ఏటా ఇచ్చే హెచ్1బీ వీసాల పరిమితి 65,000 నుంచి 1999కి 1,15,000కి, 2001కి 1,95,000కి పెరిగింది. 2004లో మళ్లీ 65,000కే వచ్చింది. ఆ కొద్ది కాలంలోనే ఎన్ని తెలుగు కుటుంబాలు విమానం ఎక్కాయో మీకు తెలియనిది కాదు. మిధాని డిపో దగ్గర బస్సెక్కి, ఊరికి ఈ చివరి నుంచి అమీర్‌పేట దాకా రోజూ వెళ్లొచ్చిన అక్క మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అమెరికా కంపెనీల పనే, కానీ చేసేది హైదరాబాద్ నుంచి.

గళ్ల కాగితం భాష

ఆర్పీజీ అంటే రిపోర్ట్ ప్రోగ్రాం జనరేటర్. ఐబీఎం కంపెనీ 1959లో తెచ్చింది. అప్పట్లో లెక్కలన్నీ చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీద. కార్డుకి 80 గళ్లు. అందుకే ఈ భాషలోనూ ఏ అక్షరం ఏ గడిలో పడాలో ముందే ఖరారు. ఆరో గడిలో 'సీ' ఉంటే అది లెక్క చేసే వరుస. 'ఎఫ్' ఉంటే ఫైలు గురించి. ఒక్క గడి జరిగినా అర్థం మారిపోతుంది. పరీక్షలో ఓఎంఆర్ షీటు నింపినట్టన్నమాట!

1988 జూన్‌లో ఏఎస్ 400 అనే యంత్రం వచ్చాక ఈ భాషకు గట్టి ఇల్లు దొరికింది. బ్యాంకులు, బీమా కంపెనీలు, టోకు వ్యాపారులు, ఫ్యాక్టరీలు దాన్ని కొనుక్కున్నాయి. తర్వాత దాని పేరు ఐ సిరీస్ అయింది. ఆ తర్వాత సిస్టమ్ ఐ అయింది. 2008 నుంచి అందులోని ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఐబీఎం ఐ అంటున్నారు. పాతకాపులు ఇప్పటికీ ఏఎస్ 400 అనే అంటారు. అబిడ్స్‌లో దుకాణాలు ఎన్ని పేర్లు మార్చుకున్నా పాత పేరుతోనే అడ్రసు చెప్పినట్టు!

పేరు పెట్టి పిలిస్తే...

పెద్ద పనిని ఎవరూ ఒకే ప్రోగ్రాంలో రాయరు. ఆర్డరు తీసుకునేది ఒకటి, తగ్గింపు లెక్క కట్టేది ఒకటి, పన్ను వేసేది ఒకటి, బిల్లు అచ్చు వేసేది ఒకటి. ఇవి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఆ పిలవడంలోనే రెండు పద్ధతులు.

మొదటిది డైనమిక్ కాల్. అంటే పేరు పెట్టి పిలవడం. ఆర్డరు ప్రోగ్రాంలో 'తగ్గింపు లెక్క కట్టేవాణ్ని పిలువు' అని పేరు మాత్రమే రాసి ఉంటుంది. అతనెక్కడుంటాడో రాసి ఉండదు. పని నడుస్తున్నప్పుడు, సరిగ్గా పిలవాల్సిన క్షణంలో యంత్రం వెతుకుతుంది. ఎక్కడ వెతకాలో చెప్పే జాబితా ఒకటుంటుంది. దాన్ని లైబ్రరీ లిస్ట్ అంటారు. జాబితాలో ముందున్న లైబ్రరీలో ఆ పేరు కనిపిస్తే సరే. లేకపోతే తర్వాతది. మొదట ఎక్కడ దొరికితే అక్కడివాణ్నే తీసుకుంటుంది.

మన గల్లీల్లో ఒకే పేరున్న వాళ్లిద్దరుంటే పోస్ట్‌మ్యాన్ ముందు తగిలిన ఇంట్లో ఉత్తరం ఇచ్చేసి పోతాడు చూడండి... అదే ఇక్కడా జరుగుతుంది. దీంతో సౌకర్యమూ ఉంది. కొత్త ప్రోగ్రాంని పరీక్షించాలంటే, అదే పేరుతో తయారుచేసి జాబితాలో ముందున్న లైబ్రరీలో పెడితే చాలు. అసలుది కదలకుండా కొత్తది పలుకుతుంది. ప్రమాదమూ ఉంది. పరీక్ష కోసం పెట్టింది తీయడం మరిచిపోతే అసలు లెక్కల్లోనూ అదే పలుకుతుంది!

డైనమిక్ కాల్‌లోని అతి పెద్ద లాభం మరొకటుంది. తగ్గింపు ప్రోగ్రాంని మార్చి పెడితే, దాన్ని పిలిచేవాళ్లు వందమంది ఉన్నా ఎవర్నీ ముట్టుకోనక్కర్లేదు. కొత్తగా మొదలైన పనులన్నీ కొత్తదాన్నే పిలుస్తాయి. పైగా ఎవర్ని పిలవాలో ముందే రాసి పెట్టక్కర్లేదు కూడా. పేరుని ఒక ఫైల్లో ఉంచి, అప్పటికప్పుడు చదివి, ఆ పేరుగల ప్రోగ్రాంని పిలవొచ్చు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పన్ను ఉన్న దేశంలో ఇది ఎంత ఉపయోగమో ఊహించుకోండి.

మరి నష్టం? వెతకడానికి, లేపడానికి కొంత సమయం పడుతుంది. ''అది పెద్ద లెక్క కాదు తమ్మీ'' అంటుంది అక్క. అసలు ఖర్చు మరోచోట ఉందట. పిలిచిన ప్రోగ్రాం పని అయిపోగానే 'ఎల్ఆర్' అనే గుర్తు పెట్టి పూర్తిగా మూసుకుపోతే, అది తెరిచిన ఫైళ్లన్నీ మూతపడతాయి. మళ్లీ పిలిస్తే మళ్లీ తెరవాలి. లక్ష ఆర్డర్లుంటే లక్షసార్లు! అల్మరా తాళం తీసి, ఒక చెంచా తీసి, తాళం వేసి, మళ్లీ తాళం తీసి ఇంకో చెంచా తీసినట్టు. ఆ గుర్తు పెట్టకుండా ఊరికే వెనక్కి వచ్చేస్తే ప్రోగ్రాం మెలకువగానే ఉంటుంది. తర్వాతి పిలుపుకి వెంటనే పలుకుతుంది.

ఇంట్లోనే ఉంటే...

రెండోది బౌండ్ కాల్. కట్టేసి ఉంచుకోవడం. 1994లో ఆర్పీజీ నాలుగో తరం వచ్చినప్పుడు ఇది ఆ భాషలోకి అడుగుపెట్టింది. ఇందులో ఎవరు ఎవర్ని పిలుస్తారన్నది ప్రోగ్రాంని తయారుచేసేటప్పుడే ఖరారవుతుంది. ఇందులోనూ రెండు దారులున్నాయి.

ఒకటి, తగ్గింపు లెక్క కట్టే ముక్కని నకలు తీసి ఆర్డరు ప్రోగ్రాంలోనే కలిపేయడం. అప్పుడు వెతుకులాటే లేదు. లైబ్రరీ జాబితాలు ఎలా మారినా దానికి పట్టదు. కానీ అదే ముక్కని అరవై ప్రోగ్రాముల్లో కలిపారనుకోండి. లెక్క మారిన రోజున అరవై చోట్లా మార్చాలి. యాభై తొమ్మిది మార్చి ఒకటి వదిలేస్తే? అది పాత లెక్కే కడుతుంది. నిశ్శబ్దంగా, నమ్మకంగా, తప్పుగా!

రెండోది సర్వీస్ ప్రోగ్రాం. ముక్కలన్నీ ఒకచోటే ఉంటాయి. అరవై ప్రోగ్రాములూ వాటి నకలు కాకుండా చిరునామా మాత్రమే ఉంచుకుంటాయి. పని మొదలైనప్పుడే యంత్రం ఆ చిరునామాని సరిచూస్తుంది. సర్వీస్ ప్రోగ్రాంకి సంతకం లాంటి గుర్తొకటి ఉంటుంది. తమ దగ్గరున్న సంతకం, అక్కడున్న సంతకం కలవకపోతే పని మొదలుకాకముందే ఆగిపోతుంది. లోపలి లెక్క ఒక్కచోట మారిస్తే అరవై చోట్లా మారినట్టే.

ఒకసారి పెదనాన్న ఇదంతా విని తన భాషలో తేల్చేశాడు. ''నకలు కలిపేస్తే అది వెల్డింగు. పేరు పెట్టి పిలిస్తే బోల్టూ నట్టూ. గంతే కదా! మా దగ్గర కూడా విప్పాల్సిన చోట వెల్డింగు చేస్తే సూపర్‌వైజర్ తిట్టేటోడు. కదలకూడని చోట బోల్టు పెడితే అంతకంటే ఎక్కువ తిట్టేటోడు.''

అక్క చాలాసేపు నవ్వి, ''నాకు మూడు నెలలు పట్టింది బాపూ ఈ ముక్క అర్థం కావడానికి'' అంది.

పన్నెండో ప్రోగ్రాం

2012 జూన్‌లో నేను జర్నలిజం డిప్లొమా చదువుతూ వాళ్లింట్లో ఉండేవాణ్ని. ఒకరోజు ఉదయం తొమ్మిదింటికి అక్క ఫోను మోగింది. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు రాత్రి పదకొండున్నర. అక్క వాళ్ల కంపెనీ అక్కడి ఒక మందుల టోకు సంస్థకు పనిచేసేది. పగలంతా వచ్చిన ఆర్డర్లకు రాత్రిపూట లెక్కలు కట్టి, గోడౌన్‌లో ఏ మందు ఏ లారీలోకి ఎక్కాలో చీటీలు అచ్చు వేసే పని ఆగిపోయింది. లారీలు బయల్దేరేది తెల్లవారుజామున నాలుగింటికి. అంటే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. ఆలోగా చీటీలు రాకపోతే మందుల షాపులకూ, ఆస్పత్రులకూ ఆ రోజు సరుకు చేరదు.

ఏం జరిగిందంటే... ముందురోజు, ఆరు నెలల కిందటే చేరిన ఒక కుర్రాడు తగ్గింపు ప్రోగ్రాంని మార్చాడు. అందులో ఆర్డరు మొత్తానికి ఏడంకెల చోటే ఉండేది. చివరి రెండంకెలూ సెంట్లు. అంటే 99,999 డాలర్లు దాటితే పట్టదు. ఒక ఆస్పత్రి ఆర్డరు ఆ హద్దు దాటబోతోంది. అందుకని తొమ్మిదంకెలకు పెంచమన్నారు. కుర్రాడు పెంచాడు. ఆ ప్రోగ్రాంని పిలిచేవాటన్నింటినీ పేరుతో వెతికాడు. పదకొండు దొరికాయి. పదకొండూ మార్చాడు. పరీక్షించాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

పన్నెండోది దొరకలేదు. ఎందుకంటే అందులో తగ్గింపు ప్రోగ్రాం పేరే లేదు! పిలవాల్సిన పేరుని ఫైల్లోంచి చదువుకుని పిలిచే రకం అది. వెతికినా దొరకదు కదా.

ఇక్కడ చిన్న లోతు చూడాలి. పాత పద్ధతి పిలుపులో ఒక ప్రోగ్రాం మరొకదానికి అంకెను ఇవ్వదు, అంకె ఉన్న చోటుని చూపిస్తుంది. ఏడంకెల సంఖ్య ఆ యంత్రంలో నాలుగు బైట్లలో ఇముడుతుంది. చివరి అరబైటులో కూడికో తీసివేతో చెప్పే గుర్తుంటుంది. తొమ్మిదంకెలకు ఐదు బైట్లు కావాలి. పన్నెండో ప్రోగ్రాం నాలుగు బైట్ల చోటు చూపించింది. మారిన తగ్గింపు ప్రోగ్రాం అక్కడ ఐదు బైట్లు చదివింది. అంకె ఉండాల్సిన చోట గుర్తు తగిలింది. 'ఇది అంకె కాదు' అని ఆగిపోయి, ఎవరైనా జవాబు చెప్తారేమోనని ఎదురుచూస్తూ కూర్చుంది.

పాత తగ్గింపు ప్రోగ్రాంని వెనక్కి పెట్టేస్తే సరిపోదా అనిపిస్తుంది. కుదరదు. అప్పటికే మారిపోయిన పదకొండూ తిరగబడతాయి. అక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పని ఎన్ని ఆర్డర్ల దగ్గర ఆగిందో లెక్క చూసుకుంది. పన్నెండోదాన్ని వెతికి పట్టుకుని మార్చింది. ఆగిన చోటినుంచి మళ్లీ మొదలుపెట్టింది. పెద్దమ్మ తెచ్చిన ఉప్మా చల్లారిపోయింది. పదకొండున్నరకల్లా చీటీలు అచ్చవడం మొదలైంది. లారీలు వేళకే కదిలాయి.

ఎవరిది తప్పు?

అసలు కథ సాయంత్రం మొదలైంది. కుర్రాణ్ని తీసేద్దామన్నాడు మేనేజరు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. వరంగల్ దగ్గరి పల్లెనుంచి వచ్చి, ఇద్దరితో కలిసి గదిలో ఉంటూ, ఇంటికి డబ్బులు పంపే పిల్లవాడు. ఒక్క ఈమెయిల్ చాలు... వెళ్లిపోతాడు.

అక్క ఆ రాత్రి అన్నం తినకుండా ఒక కాగితం రాసింది. మర్నాడు దాన్ని మేనేజరు ముందు పెట్టింది. అందులో కుర్రాణ్ని వెనకేసుకురావడానికి జాలి మాటలేమీ లేవు. మూడే విషయాలున్నాయి.

ఒకటి... ఈ ప్రోగ్రాంకి ఏమేం ఇవ్వాలో, ఎన్నంకెలో చెప్పే వివరం పన్నెండు చోట్ల పన్నెండుసార్లు చేతితో రాసి ఉంది. ఒకేచోట రాసి అందరూ దాన్నే వాడాలి. దాన్నే ప్రోటోటైప్ అంటారు. అప్పుడు కొలతలు కలవకపోతే ప్రోగ్రాం తయారయ్యేటప్పుడే తప్పు చూపిస్తుంది. పిలిచే పేరు ఫైల్లో ఉన్నా సరే, ప్రోటోటైప్‌ని ఎవరెవరు వాడుతున్నారో వెతికితే పన్నెండోదీ దొరికేది. ఇది డైనమిక్ కాల్‌కైనా, బౌండ్ కాల్‌కైనా పనికొచ్చే జాగ్రత్త.

రెండు... తగ్గింపు, తేదీల లెక్క, కొలతల మార్పిడి లాంటివి అందరూ వాడేవి. అవి సర్వీస్ ప్రోగ్రాంలోకి వెళ్లాలి. అయితే అందరూ అనుకున్నట్టు అక్కడి సంతకం అన్నింటినీ కాపాడదు. ఏయే పనులు ఏ వరుసలో ఉన్నాయో మాత్రమే అది చూస్తుంది, అంకెల కొలతలు చూడదు. కొత్త పనిని ఎప్పుడూ జాబితా చివరే చేర్చాలి. పాత సంతకాన్ని అలాగే ఉంచి మధ్యలో దూరిస్తే ఒకర్ని పిలిస్తే ఇంకొకరు పలుకుతారు.

మూడు... పన్నుల ప్రోగ్రాములు పేరుతో పిలిచేవిగానే ఉండాలి. వాటిని కట్టేస్తే రేపు కొత్త రాష్ట్రం వచ్చినప్పుడు అందరం ఇబ్బంది పడతాం. కానీ ఫైల్లో ఉన్న పేర్ల జాబితాని ప్రతి మార్పుకి ముందు చూడాలన్న నియమం పెట్టాలి. ఆ నియమం ఇంతవరకూ లేదు. లేని నియమాన్ని ఆ పిల్లవాడు ఎలా పాటిస్తాడు?

కుర్రాడి ఉద్యోగం నిలబడింది. ఆ కాగితాన్ని అమలు చేయడానికి రెండేళ్లు పట్టింది. చేసినవాళ్లలో అందరికంటే ఎక్కువ ప్రోగ్రాములు మార్చింది ఆ కుర్రాడే!

ఈ మధ్య అక్కని అడిగాను... ''ఇంత పాత భాష ఇంకా ఎన్నాళ్లు?'' అని. 2015 నుంచి గళ్లతో పనిలేకుండా మామూలు భాషల్లాగే ఆర్పీజీ రాసుకోవచ్చట. కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయట. ఎప్పుడో రాసిన ప్రోగ్రాములు ఇప్పటికీ పిలిస్తే పలుకుతున్నాయట. ''రాసినోళ్లు రిటైర్ అయిపోయిన్రు. పిలిచేటోళ్లు మాత్రం మిగిలిన్రు తమ్మీ. అదే మాకు పని'' అంది.

అక్క దగ్గర కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు కోడ్ రాయడం నేర్పదు. ఒక ప్రోగ్రాం చూపించి, చిన్న మార్పు చెప్పి, చేయమంటుంది. వెంటనే కీబోర్డు మీద చేయి వేసినవాళ్లను ఆపి కూర్చోబెడుతుంది. ''దీన్ని ఎవరెవరు పిలుస్తున్నారు మేడం?'' అని ముందుగా అడిగినవాళ్లకు మాత్రం చాయ్ తెప్పిస్తుంది. చాయ్ డబ్బులు ఇచ్చేది ఆ వరంగల్ కుర్రాడు. ఇప్పుడు అక్కడ టీమ్ లీడర్ అతనే మరి!